ఎస్టీపీ స్లడ్జ్ ఎండితే ఎరువు అయిపోయినట్టేనా?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. హైదరాబాద్ బాచుపల్లిలో 300 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్, సొంత ఎస్టీపీ, అంటే మురుగునీటి శుద్ధి ప్లాంటు, అందులోంచి వచ్చే స్లడ్జ్‌ని, అదే బురదని, ఇన్నాళ్లూ ఎవరో వచ్చి తీసుకెళ్తున్నారు, ఎక్కడ పారబోస్తున్నారో అసోసియేషన్‌లో ఎవరికీ తెలియదు, దాన్ని మన గార్డెన్‌కే ఎరువుగా వాడుకోవచ్చా అన్నది మొదటిది. శంకర్‌పల్లి దగ్గర మీ బాబాయి పొలంలో "ప్లాంటు ఎరువు, ట్రాక్టర్ కిరాయి ఇస్తే చాలు" అని ఒకతను రెండు ట్రిప్పులు నల్లటి పొడి పోసి వెళ్లాడు, దాన్ని పాలకూర, కొత్తిమీర మడుల్లో చల్లవచ్చా అన్నది రెండోది.

ముందు బాబాయి సంగతి, అది ఆగేది కాదు. ఈరోజే ఫోన్ చేసి ఆ కుప్ప మీద టార్పాలిన్ కప్పించండి. ఆకుకూరల మడుల్లోకి ఒక్క గంప కూడా పోనివ్వకండి. వాన పడితే ఆ నీళ్లు బావి వైపు పారకుండా చుట్టూ జానెడు మట్టికట్ట వేయించండి, కోళ్లనూ మేకలనూ అటు పోనివ్వద్దని చెప్పండి, ఇప్పటికే ముట్టుకున్న వాళ్లు సబ్బుతో చేతులు కడుక్కోవాలి, గోళ్ల సందులు కూడా. మిగతాది నిదానంగా చూద్దాం, కుప్ప కప్పి ఉంటే పది పదిహేను రోజులు ఆగినా ఏమీ కాదు.

నేను 24 ఏళ్లుగా మురుగునీటి శుద్ధి ప్లాంట్లలోనే పని చేస్తున్నాను, మొదట ల్యాబ్‌లో కెమిస్ట్‌గా, తర్వాత షిఫ్ట్ ఇన్‌ఛార్జిగా, ఇప్పుడు మూడు నాలుగు ప్లాంట్ల నిర్వహణ చూస్తున్నాను. స్లడ్జ్‌ని తిరిగి నేలకే ఇవ్వాలని గట్టిగా కోరుకునేవాణ్ణి, దాన్ని నాలాలో కలపడం, చెరువు శిఖంలో పోయడం చూస్తే నాకు కడుపు మండుతుంది. అయినా సరే, నల్లగా ఉంది, ఎండింది, వాసన లేదు కాబట్టి ఎరువే అనుకోవద్దని ఎవరు అడిగినా చెప్తాను. స్లడ్జ్ మంచిదా కాదా అన్నది దాన్ని చూసి చెప్పలేం. ఏ డ్రైనేజీ లైన్లోంచి వచ్చింది, ఎంత వేడి ఎన్ని రోజులు తిన్నది, ఈ రెండూ తెలియాలి.

అసలిది ఎలా పుడుతుందంటే, ఎయిరేషన్ ట్యాంకులో గాలి కొడుతుంటే సూక్ష్మజీవులు మురుగులో ఉన్న తిండి తిని పెరుగుతాయి. పెరిగినవాటిని రోజూ కొంచెం కొంచెం బయటికి తీస్తుండాలి, లేకపోతే శుద్ధి చేసిన నీళ్లతో పాటు అవీ బయటికి పోతాయి. అలా తీసిందే స్లడ్జ్. సూక్ష్మజీవులతో పాటు అందులో మట్టి, బట్టల నూగు, జిడ్డు, మనుషుల పేగుల్లోంచి వచ్చిన పురుగుల గుడ్లు, పైపులు, కుళాయిలు అరిగి వచ్చిన జింకూ రాగీ, మింగిన మాత్రల్లో కొంత, అన్నీ ఉంటాయి. నీళ్లు తేటపడ్డాయంటే వాటిలోని మురికి ఎక్కడికీ మాయం కాలేదు, కొంత గాలిలో కలిసింది, మిగిలింది బురదలో కూర్చుంది.

మీ అపార్ట్‌మెంట్ లెక్క వేద్దాం. ఫ్లాట్‌కి నలుగురు చొప్పున 1,200 మంది, మనిషికి 135 లీటర్లు అనుకుంటే రోజుకి దాదాపు 160 కిలోలీటర్ల మురుగు. కిలోలీటరుకి 200 నుంచి 250 గ్రాముల పొడి పదార్థం వస్తుందనుకుంటే రోజుకి 32 నుంచి 40 కిలోలు, అంతే. కానీ ట్యాంకులోంచి తీసేటప్పుడు అందులో 99 శాతం నీళ్లే, అంటే మూడు నాలుగు వేల లీటర్లు. అదే ఫిల్టర్ ప్రెస్‌లో పిండి 20 శాతం ఘనపదార్థానికి తెస్తే 160 నుంచి 200 కిలోల కేక్ అవుతుంది, ఇరవయ్యో వంతుకి తగ్గిపోతుంది. మీవాళ్లు ప్రెస్ పాడైందని నీళ్ల బురదనే ట్యాంకర్లో పంపుతున్నట్టయితే మీరు నీళ్లు మోయించడానికి డబ్బులు కడుతున్నారన్నమాట. ముందు ప్రెస్ బాగు చేయించండి, మిగతా ఆలోచనలన్నీ దాని తర్వాతే.

ఇందులో ఎరువు బలం లేదా అంటే, ఉంది. పొడి బరువులో నత్రజని 2 నుంచి 4 శాతం దాకా, భాస్వరం కూడా బాగానే ఉంటుంది. పశువుల పెంటలో నత్రజని అర శాతం చుట్టూనే కదా. పొటాష్ మాత్రం దాదాపు ఉండదు, అది నీళ్లలో కరిగి నీళ్లతోనే వెళ్లిపోతుంది, అందుకే స్లడ్జ్ వేసి పొటాష్ వేయకపోతే మొక్క ఆకు బాగా పెట్టి పూత తక్కువ పెడుతుంది, ఇది చాలామంది గమనించరు. ఉన్న నత్రజని కూడా ఒక్కసారిగా దొరకదు, మొదటి ఏడాది అందులో మూడో వంతు కంటే తక్కువే మొక్కకి అందుతుంది. యూరియా బస్తా కోసం సొసైటీ ముందు చెప్పులు లైన్లో పెట్టి కూర్చునే రైతులున్న రాష్ట్రంలో, భాస్వరం ఎరువుల కోసం విదేశాల మీద ఆధారపడే దేశంలో ఇంత పోషకాన్ని తీసుకెళ్లి నాలాలో పోయడం నాకు ఏ లెక్కన చూసినా అన్యాయమే.

ఇప్పుడు అసలు ప్రమాదాల్లోకి వస్తాను. ఏ పాత ప్లాంట్‌కైనా ఫిబ్రవరిలో వెళ్లి డ్రయింగ్ బెడ్లు చూడండి. ఇసుక మీద పరిచిన బురద ఎండి పలకలు పలకలుగా నెర్రెలు విచ్చి ఉంటుంది, ఆ నెర్రెల్లోంచి టమాటా మొక్కలు లేస్తాయి. ఎవరూ విత్తనం వేయలేదు. మనం తిన్న టమాటా గింజ పొట్టలో అరగదు, మురుగులో చావదు, ఎయిరేషన్ ట్యాంకులో గాలికీ చావదు, బెడ్ మీదికొచ్చి ఎండ తగలగానే మొలుస్తుంది. నేను చేరిన కొత్తలో అక్కడి పనివాళ్లు ఆ కాయలు కోసుకుని ఇంటికి తీసుకెళ్తుంటే మా సీనియర్ కెమిస్ట్ ఒకాయన ఆపి, గింజే బతికిందంటే గింజ పక్కన ఉన్నవి కూడా బతికే ఉంటాయి కదరా అన్నాడు. ఇప్పటికీ నేను కంపోస్ట్ కుప్ప చూడటానికి వెళ్తే మొదట వెతికేది టమాటా మొలకే. కుప్ప 55 డిగ్రీలు ఎక్కి కొన్ని రోజులు అక్కడ నిలిస్తే ఆ గింజ చస్తుంది. మొలక కనిపించిందంటే కుప్ప సరిగా కాగలేదు, మళ్లీ మొదటి నుంచి. మొలక లేదు కాబట్టి భద్రం అని మాత్రం అనుకోవద్దు, దానికి ల్యాబ్ ఉంది. బాబాయిని ఆ కుప్పలోంచి దోసెడు పొడి పాత బకెట్లో వేసి నీళ్లు చల్లి వారం రోజులు చూడమనండి.

గింజ పక్కన బతికేవి ఏమిటంటే సాల్మొనెల్లా లాంటి బ్యాక్టీరియా, వైరస్‌లు, అన్నిటికంటే మొండిది ఏలికపాము గుడ్డు. దాని పెంకు మందం, మట్టిలో పడితే నెలలు కాదు ఏళ్ల తరబడి బతుకుతుంది. మన ఏప్రిల్ మే ఎండలో బెడ్ మీద పది రోజులు ఎండబెడితే బ్యాక్టీరియా బాగా తగ్గుతుంది కానీ ఈ గుడ్డు తగ్గదు. అమెరికాలో 1993లో వచ్చిన నిబంధనలు స్లడ్జ్‌ని రెండు తరగతులుగా విడదీశాయి. క్లాస్ ఏ అంటే పొడి గ్రాముకి ఫీకల్ కోలిఫారం, అంటే మలంలోంచి వచ్చే బ్యాక్టీరియా, 1,000 లోపు, పురుగు గుడ్లు 4 గ్రాములకి ఒకటి కంటే తక్కువ. క్లాస్ బీ అంటే కోలిఫారం గ్రాముకి 20 లక్షల దాకా ఉండవచ్చు, కానీ అది వేసిన నేలలో మట్టికి తగిలే కాయలూ ఆకులూ 14 నెలల దాకా కోయకూడదు, మట్టిలోపల పెరిగే ముల్లంగి, క్యారెట్ లాంటివైతే 20 నెలలు, కొన్ని పరిస్థితుల్లో 38 నెలలు. మీ బాబాయికి వచ్చింది మహా అయితే ఈ రెండో తరగతి సరుకు. పాలకూర 30 రోజుల పంట, మట్టికి ఆనుకునే ఉంటుంది, కట్ట కట్టి అదే కాలవలో ముంచి బస్సెక్కిస్తాం, ఇంట్లో ఎవరో సగం ఉడికించి తింటారు, కొత్తిమీర అయితే పచ్చిదే. అందుకే అంత గట్టిగా వద్దన్నాను.

రోగక్రిములకు వేడి ఉంది, కాలం ఉంది. లోహాలకు ఏ మందూ లేదు. ఇది అనుభవం మీద నేర్చుకున్నాను. నగరం అంచున ఒక చిన్న ప్లాంటులో పనిచేసేటప్పుడు మా స్లడ్జ్‌ని ఒక నర్సరీకి ఇవ్వాలని మూడు నెలలు కష్టపడి కంపోస్ట్ చేశాం. వాసన అద్భుతం, తొలకరి వాన పడ్డ మట్టి వాసన. పంపేముందు శాంపిల్ ల్యాబ్‌కి పంపితే క్రోమియం, నికెల్ రెండూ హద్దుకి చాలా పైన వచ్చాయి. పొరపాటేమో అని ఇంకో ల్యాబ్‌కి పంపాం, అదే వచ్చింది. ఆ లైన్ మీద అన్నీ ఇళ్లే అని మ్యాప్ చెప్తోంది. అప్పుడు నేనూ ఇద్దరు ఆపరేటర్లూ రాత్రిళ్లు మ్యాన్‌హోల్ మూతలు ఒక్కొక్కటీ ఎత్తి, లోపలికి దిగకుండా తాడు కట్టిన చిన్న బకెట్‌తో నీళ్లు తీసి పీహెచ్ కాగితం ముంచడం మొదలుపెట్టాం. ఇళ్ల మురుగు పీహెచ్ 7కి అటూ ఇటూ ఉంటుంది, కాగితం ఆకుపచ్చగానే ఉంటుంది. తొమ్మిదో రోజు రాత్రి ఒంటిగంట దాటాక ఒక సందు మొదట్లో మూత తీస్తే టార్చ్ వెలుగులో నీళ్లు పసుపు కలిసిన ఆకుపచ్చ రంగులో మెరిశాయి, కాగితం ముంచితే ఎర్రబడిపోయింది. ఆ సందు చివర ఒక ఇంటి వెనక రేకుల షెడ్డు, లోపల బోల్టులకూ చిన్న సామానుకూ పూత పూసే ప్లేటింగ్ పని. వారానికి రెండు రాత్రులు తొట్టి ఖాళీ చేసి డ్రైనేజీలో వదులుతున్నారు. ఒక్క షెడ్డు, రెండు తొట్లు, మొత్తం ప్లాంటు స్లడ్జ్ పనికిరాకుండా పోయింది.

కనెక్షన్ తీసేశాక కూడా కొత్త స్లడ్జ్ మామూలుకి రావడానికి రెండు నెలలు పట్టింది, ట్యాంకుల్లో పాతది తిరుగుతూనే ఉంటుంది కదా. మేం చేసిన కంపోస్ట్ అంతా ప్రమాదకర వ్యర్థాల కింద, వాటిని పూడ్చే దుండిగల్ కేంద్రానికి పంపాల్సి వచ్చింది. దాన్ని లారీకి ఎత్తుతుంటే పనివాళ్లలో ఒకామె, ఇంత మంచి ఎరువు సార్ అని గుప్పిట్లో పట్టుకుని చూపించింది, ఆమెకి ఏం చెప్పాలో తెలియలేదు. అందరూ కంపోస్ట్ చేస్తే లోహం తగ్గుతుందనుకుంటారు, నిజానికి పెరుగుతుంది. సేంద్రియ పదార్థం కుళ్లి గాలిలో కలిసి కుప్ప బరువు తగ్గుతుంది, లోహం ఉన్నంతా ఉంటుంది, కాబట్టి కిలోకి లెక్క పెరుగుతుంది. ఆకులూ ఊకా కలిపి పలచన చేస్తే అంకె దిగుతుంది కానీ లోహం ఎక్కడికీ పోదు.

మన దేశంలో నగర కంపోస్ట్‌కి ఎరువుల నియంత్రణ ఉత్తర్వు, అదే 1985 నాటి ఎఫ్‌సీఓ పెట్టిన హద్దులు, పొడి కిలోకి మిల్లీగ్రాముల్లో, కాడ్మియం 5, క్రోమియం 50, నికెల్ 50, సీసం 100, రాగి 300, జింకు 1,000, ఆర్సెనిక్ 10, పాదరసం 0.15. అమెరికా హద్దులు దీనికంటే చాలా వదులు, అక్కడ మంచి రకం స్లడ్జ్‌కే కాడ్మియం 39, నికెల్ 420, జింకు 2,800 దాకా ఒప్పుకుంటారు. ఎవరైనా మీకు "ఇంటర్నేషనల్ స్టాండర్డ్ పాస్" అని కాగితం చూపిస్తే ఎఫ్‌సీఓ పట్టిక పక్కన పెట్టి వరస వరస చూడండి. ఇంకో మాట, మన చుట్టూ ఎర్ర చెల్క నేలలు చాలాచోట్ల కొంచెం పులుపు వైపు ఉంటాయి, పులుపు నేలలో లోహాలు తేలిగ్గా కరిగి మొక్కలోకి ఎక్కుతాయి. నల్లరేగడిలో, సున్నం ఉన్న నేలలో కాస్త పట్టుబడి ఉంటాయి. కాబట్టి స్లడ్జ్ రిపోర్టు ఒక్కటే చాలదు, నేల పీహెచ్ కూడా చూడాలి, ఆరున్నరకి తక్కువ ఉంటే నేను వేయనివ్వను.

మీ అపార్ట్‌మెంట్ స్లడ్జ్ సంగతి దీనికంటే చాలా మెరుగు. ఇళ్ల మురుగే కాబట్టి లోహాలు సాధారణంగా తక్కువ, జింకు, రాగి కొంచెం కనిపించవచ్చు. కింద షాపులు ఉన్నాయన్నారు, అందులో డెంటల్ క్లినిక్, ల్యాబ్, ఫోటో ప్రింటింగ్, బైక్ సర్వీసింగ్ లాంటివి ఉంటే వాటి నీళ్లు ఎటు పోతున్నాయో ప్లంబర్‌తో స్వయంగా వెళ్లి చూడండి. పెయింటింగ్ పని జరిగేటప్పుడు బ్రష్‌లు కడిగిన నీళ్లు, టైల్స్‌కి పోసిన యాసిడ్ లైన్లోకి రాకుండా సెక్యూరిటీకి చెప్పి పెట్టండి. ఇవి సరిగా ఉంటే మీరు కంపోస్ట్ ధైర్యంగా మొదలుపెట్టవచ్చు, పూల మొక్కలకీ, లాన్‌కీ, నీడ చెట్లకీ. కిచెన్ గార్డెన్‌కి మాత్రం వద్దు, పిల్లల ఆట స్థలంలో కూడా వద్దు.

ఎలా చేయాలంటే, ప్రెస్ నుంచి కేక్ ఊడేటప్పుడు ముందు చేత్తో కాకుండా పారతో తిప్పి చూడండి. పలకలా విరిగితే మంచి కేక్. జిగురుగా సాగుతూ గుడ్డకి అంటుకుపోతుంటే పాలీ, అంటే బురదని గడ్డకట్టించే మందు, ఎక్కువ పోశారన్నమాట, ఆపరేటర్లు తొందరగా అయిపోతుందని మగ్గు ఎక్కువ పోస్తుంటారు, అలాంటి కేక్ ముద్దలోకి గాలి పోదు, ఎన్ని ఆకులు కలిపినా మధ్యలో కుళ్లుతుంది. ఒక లీటరు బురదలో తక్కువ మోతాదు నుంచి కొంచెం కొంచెం కలుపుతూ గడ్డలు విడిపోయి నీళ్లు తేటపడే మోతాదు దగ్గర ఆగండి, అదే మీ మోతాదు, గోడ మీద రాసి పెట్టండి.

స్లడ్జ్‌లో కార్బన్ తక్కువ, నత్రజని ఎక్కువ, నిష్పత్తి 6 నుంచి 10 మధ్య ఉంటుంది. కుప్ప కాగాలంటే 25, 30 కావాలి. కాబట్టి ఒక తట్ట కేక్‌కి కనీసం రెండు మూడు తట్టల ఎండుటాకులు, తురిమిన కొమ్మలు, కొబ్బరి పొట్టు, వేరుశనగ పొట్టు, ఏది దొరికితే అది. రంపపు పొట్టు అయితే మందు కొట్టిన చెక్కది కాకుండా చూసుకోండి. ఆకులు తక్కువైతే కుప్ప పక్కన నిలబడగానే కళ్లు మండేలా అమోనియా వస్తుంది, పై అంతస్తుల వాళ్లు అసోసియేషన్ గ్రూప్‌లో మెసేజ్‌లు పెట్టేది అప్పుడే, ఆకులు పెంచితే తగ్గిపోతుంది. తడి ఎంత ఉండాలంటే గ్లౌజు చేత్తో గుప్పెడు పిండితే ఒకటి రెండు చుక్కలు రాలాలి, ధారగా కారకూడదు. ఎత్తు నాలుగైదు అడుగులు ఉండాలి, మోకాలి ఎత్తు కుప్ప వేసి కాగట్లేదు అంటారు చాలామంది, అంత చిన్న కుప్పలో వేడి నిలవదు.

రెండడుగుల పొడవున్న ఇనుప కడ్డీ థర్మామీటర్ ఒకటి కొనండి, ఇందులో మీరు పెట్టే అతి మంచి ఖర్చు అదే. కడ్డీని కుప్ప మధ్యలోకి దించి రోజూ ఒకే సమయానికి రెండు మూడు చోట్ల చదివి పుస్తకంలో రాయండి. 55 డిగ్రీలు దాటాక 15 రోజులు ఆ పైనే ఉండాలి, ఆ 15 రోజుల్లో ఐదుసార్లు తిరగేయాలి, ఎందుకంటే వేడి మధ్యలోనే ఉంటుంది, అంచుల్లో ఉన్నది లోపలికి పోవాలి. డిసెంబరు పొద్దున తిరగేస్తుంటే కుప్పలోంచి ఇడ్లీ పాత్ర మూత తీసినట్టు ఆవిరి లేస్తుంది, బయటికి లాగిన కడ్డీ చేత్తో పట్టుకోలేం. ఆ వేడి చూశాక దీని మీద మీకు కూడా నమ్మకం కుదురుతుంది. 15 రోజులయ్యాక ఇంకో నెలా రెండు నెలలు కదపకుండా పక్కన పెట్టాలి, పచ్చి కంపోస్ట్ వేస్తే వేళ్లు మాడతాయి. జూన్ నుంచి పైన రేకు తప్పనిసరి, కింద కారిన నీళ్లు మళ్లీ ఎస్టీపీ ఇన్‌లెట్‌కే పోవాలి, వాన కాలవలోకి కాదు.

సున్నం కలిపి పీహెచ్ 12కి ఎక్కించే పద్ధతి కూడా ఉంది, క్రిములు చస్తాయి, కానీ అమోనియా భరించలేం, ఇళ్ల మధ్య నేను ఒప్పుకోను.

ఇక్కడ ఒక విషయం ఆపి చెప్పాలి. స్లడ్జ్ సంపులోకి మనిషిని దింపకండి. పంపు బిగుసుకుపోయిందనీ, అడుగున గట్టిపడిందనీ ఎవరు చెప్పినా సరే. గాలి లేకుండా నిలవ ఉన్న స్లడ్జ్‌లో హైడ్రోజన్ సల్ఫైడ్ తయారవుతుంది, కొంచెం ఉన్నప్పుడు కుళ్లిన గుడ్ల వాసన వస్తుంది, ఎక్కువైతే ముక్కుకి వాసన పట్టే శక్తే పోతుంది, వాసన తగ్గిందిలే అని దిగిన మనిషి రెండు ఊపిరుల్లో కూలిపోతాడు. అతన్ని లాగడానికి రెండోవాడు దిగుతాడు, అతనూ పోతాడు. ఈ పనిలో నేను చూసిన చావులు ఇలాంటివే. మురుగు గుంటల్లోకి రక్షణ లేకుండా మనుషులను దింపడాన్ని 2013 చట్టం నిషేధించింది, దింపిన వాళ్ల మీద కేసు అవుతుంది. సంపులో గాలి గొట్టం వేయించి రోజూ తిప్పండి, స్లడ్జ్ నిలవే ఉండదు, ఆ అవసరమే రాదు. ఎస్టీపీ నడిపేవాళ్లతో ఒప్పందం రాసేటప్పుడు ఈ ఒక్క మాట మీ చేత్తో రాయించండి.

మిగిలిపోయే స్లడ్జ్‌ని బయటికి పంపాల్సి వస్తే జలమండలి దగ్గర నమోదైన ట్యాంకర్లనే పిలవండి, ఎక్కడ దింపారో అక్కడి రసీదు తెస్తేనే డబ్బు ఇవ్వండి. చుట్టుపక్కల రేటు కంటే బాగా తక్కువకి వస్తున్నాడంటే దగ్గర్లో ఏదో నాలా మూత తీస్తున్నాడని అర్థం.

నగరం సంగతి కూడా కొంచెం చెప్తాను, ఎందుకంటే బాబాయి దగ్గరికి వచ్చిన సరుకు అర్థం కావాలంటే ఇది తెలియాలి. మూసీ పక్కన అంబర్‌పేటలో ఉన్న 339 ఎంఎల్‌డీ (రోజుకి 33.9 కోట్ల లీటర్లు) పాత ప్లాంటు యూఏఎస్‌బీ పద్ధతి, అంటే గాలి లేకుండా కుళ్లబెట్టేది. అందులో స్లడ్జ్ తక్కువ వస్తుంది, వచ్చింది కూడా లోపలే చాలాకాలం ఉండి కుళ్లడం పూర్తయి వస్తుంది, బెడ్ మీద ఎండబెడితే నల్లగా, వాసన లేకుండా, మట్టిలా ఉంటుంది. ఆ రోజుల్లో రైతులకి "ప్లాంటు ఎరువు" అంటే ఈ రూపమే గుర్తుండిపోయింది. తర్వాత నగరం చుట్టూ తలపెట్టిన 31 కొత్త ప్లాంట్లు, మొత్తం 1,259.5 ఎంఎల్‌డీ, ఎస్‌బీఆర్ పద్ధతివి, గాలి కొట్టేవి. నీళ్లు చాలా బాగా వస్తాయి, అందులో సందేహం లేదు, మూసీకి ఇది ఎంతో అవసరం. కానీ వాటి స్లడ్జ్ సగం పచ్చిది, మిషన్లో పిండి ఇచ్చిన కేక్ రెండు రోజులు కుప్పగా ఉంటే కంపు కొడుతుంది, ఈగలు ముసురుతాయి. అవన్నీ పూర్తి సామర్థ్యంతో నడిస్తే నా లెక్క ప్రకారం రోజుకి 250 టన్నుల పొడి పదార్థం, కేక్ రూపంలో 1,200 టన్నులకు పైనే. ఆ రెండు రకాలనీ ఒకటే ఎరువు అని రైతుకి అమ్మడం మోసం, పాతది వాడి బాగుందన్న అనుభవం కొత్తదానికి పనికిరాదు.

అంత సరుకుకి కలపడానికి ఎండుటాకులు నగరమంతా ఊడ్చినా చాలవు. పెద్ద ప్లాంట్లలో మొదట డైజెస్టర్లో, అంటే గాలి లేకుండా కుళ్లబెట్టే మూసిన ట్యాంకులో, వేసి గ్యాస్ తీయాలి, చెన్నైలో కొడుంగైయూర్, నెసపాక్కం లాంటి చోట్ల ఆ గ్యాస్‌తో కరెంటు తీస్తున్నారు, స్లడ్జ్ బరువు తగ్గుతుంది, కంపు తగ్గుతుంది. అహ్మదాబాద్‌లో బార్క్ (భాభా అణు పరిశోధన కేంద్రం) పరిజ్ఞానంతో కోబాల్ట్-60 గామా కిరణాల కింద ఎండిన స్లడ్జ్‌ని పంపి క్రిములను చంపే ప్లాంటు 2019లో మొదలైంది, రోజుకి 100 టన్నులది. ఆ కిరణాలు క్రిములకే పనిచేస్తాయి, లోహాలకు కాదు. మన దగ్గర లోహాలు ఎక్కువున్న లైన్ల స్లడ్జ్‌ని గ్రీన్‌హౌస్ లాంటి షెడ్లలో ఎండబెట్టి తాండూరు వైపో, మేళ్లచెరువు వైపో సిమెంటు బట్టీలకు పంపడం సరైన దారి, బాగా ఎండితే అది మండుతుంది, బూడిద క్లింకర్‌లోనే, అంటే సిమెంటుగా నూరే గడ్డల్లోనే, కలిసిపోతుంది. ఇళ్ల ప్రాంతాల స్లడ్జ్‌ని విడిగా ఉంచి నేలకి ఇవ్వాలి. రెండూ కలిపితే మంచిది కూడా చెడిపోతుంది, నేను మీటింగుల్లో పదేళ్లుగా అడుగుతున్నది ఈ వేరు చేయడం గురించే.

నేలకి వేయడమే వద్దనే వాళ్ల వాదనని కూడా తేలిగ్గా తీసుకోను. అమెరికాలో మెయిన్ రాష్ట్రం 2022లో స్లడ్జ్‌ని పొలాల్లో చల్లడం పూర్తిగా నిషేధించింది, పీఫాస్ అనే ఎప్పటికీ విరగని రసాయనాలు పొలాల్లోకీ, బావుల్లోకీ, పాలల్లోకీ చేరాయని తేలాక. స్విట్జర్లాండ్ అంతకు ముందే ఆపేసింది. జర్మనీ పెద్ద ప్లాంట్లకు 2029 నుంచి స్లడ్జ్‌లోంచి, లేదా దాని బూడిదలోంచి భాస్వరం వెనక్కి తీయాలని నిబంధన పెట్టింది. మనది మందుల కంపెనీల నగరం, సిప్రోఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్‌లు నీళ్లలో కంటే బురదకే ఎక్కువ అంటుకుంటాయి. పారిశ్రామిక నీళ్లు కలిసే ఏ లైన్ స్లడ్జ్‌నీ తినే పంటకి వేయకూడదని నేను అంటున్నది అందుకే, లోహాల రిపోర్టు బాగున్నా సరే.

మళ్లీ బాబాయి దగ్గరికి. ట్రాక్టర్ అతన్ని అడగాల్సింది ఒక్కటే, ఏ ప్లాంటు నుంచి తెచ్చావు, గేట్ పాస్ చూపించు. చూపించలేకపోతే దాన్ని వెనక్కి తీసుకెళ్లమనండి. చూపిస్తే శాంపిల్ తీద్దాం. కుప్పలో ఎనిమిది పది చోట్ల, పైపొర కాకుండా మోచేయి లోతు నుంచి, ప్లాస్టిక్ డబ్బాతో తీయండి. జింకు పూత తట్ట, తుప్పు పార వాడితే ఆ లోహం రిపోర్టులోకి వచ్చేస్తుంది. అన్నీ శుభ్రమైన పాలిథీన్ షీటు మీద కలిపి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు ఉంచుకుని మిగతావి తీసేస్తూ ఒక కిలోకి తగ్గించండి. అది లోహాలకి. క్రిముల పరీక్షకి ల్యాబ్ వాళ్లే స్టెరైల్ సీసా ఇస్తారు, దాన్ని ఐస్ పెట్టిన డబ్బాలో అదే రోజు ఇవ్వాలి. ఎన్‌ఏబీఎల్ (ల్యాబ్‌లకు గుర్తింపు ఇచ్చే జాతీయ బోర్డు) గుర్తింపు ఉన్న ల్యాబ్ అయి ఉండాలి, ఎఫ్‌సీఓ లోహాలు మొత్తం, ఫీకల్ కోలిఫారం, సాల్మొనెల్లా, పురుగు గుడ్లు అని రాసి ఇవ్వండి, ఉత్తి ఎన్‌పీకే, అంటే నత్రజని, భాస్వరం, పొటాష్ మాత్రమే చేసి పంపించేస్తారు లేకపోతే. పొలం మట్టి కూడా ఒక కిలో పంపండి.

రిపోర్టు బాగుంటే గట్ల మీద టేకుకి, మామిడి మొక్కల పాదుల్లో, లేదంటే బంతి, చామంతి వేసే చెక్కలో వాడుకోవచ్చు, ఎకరానికి పొడి లెక్కన రెండు మూడు టన్నులు మించకుండా, చల్లిన రోజే దున్ని మట్టిలో కలిపేసి, పక్కనే కొంచెం పొటాష్ వేసుకుని. బావికి దగ్గరగా ఉన్న ముక్క వదిలేయండి, నత్రజని ఎక్కువైతే నైట్రేట్ నేరుగా నీళ్లలోకి దిగుతుంది. పనికొచ్చే కూలీలకి గ్లౌజులు, బూట్లు మీరే కొనిచ్చి పంపండి, అక్కడ ఎవరూ కొనరు. ఒకవేళ ఆయన ఇప్పటికే రెండు మూడు మడుల్లో కలిపేసి ఉంటే కంగారు పడొద్దు, అక్కడ ఆకుకూరలు 14 నెలలు ఆపి, ఆ నేలలో పత్తో, పూలో వేసుకోమనండి.

రిపోర్టు వచ్చాక ఇక్కడే పెట్టండి, క్రోమియం, నికెల్ వరసలు ముందు పంపినా చాలు, అవి చూస్తే అది ఇళ్ల లైన్లోంచి వచ్చిందో షెడ్ల లైన్లోంచి వచ్చిందో నాకు తెలిసిపోతుంది. బకెట్లో టమాటా మొలిచిందో లేదో అది కూడా చెప్పండి.